తాళం వేసిన గుమ్మం ముందు



ధ్యానభాగము: ఆదికాండము 23వ అధ్యాయము. ఉన్నవి ఇరవై వచనాలే. వీలైతే ముందుగా బైబిలు తెరిచి వాటిని ఒకసారి చదువుకుని, తరువాత ఈ మాటలు చదవండి.

మన సంఘంలో పుట్టి పెరిగి, బ్రతుకుతెరువు కోసం హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది బంజారా హిల్స్, జూబిలీ హిల్స్, ఫిలింనగర్ చుట్టుపక్కలే ఉంటున్నారు. కొందరు పెద్ద ఇళ్ళకు వాచ్‌మెన్లు, కొందరు డ్రైవర్లు, కొందరు వంటమనుషులు. ఇద్దరు అన్నదమ్ములు మాత్రం షూటింగులకు భోజనాలు పంపే పని పెట్టుకుని, ఇరవై ఏళ్ళు కష్టపడి, దేవుని దయవల్ల నాలుగు రాళ్ళు వెనకేసుకున్నారు. పోయిన నెలలో వాళ్ళు మాకు ఫోన్ చేశారు.

"అయ్యగారూ, ఫిలింనగర్‌లో ఒక పాత ఇల్లు చూశాం. ఆరేళ్ళుగా తాళం వేసి ఉంది. ఓనర్లు అమెరికాలో ఉంటారట. అది మాకే అని దేవుడు చూపించాడు. మీరొకసారి వచ్చి మాతోపాటు ఆ ఇంటి చుట్టూ ఏడుసార్లు తిరిగి ప్రార్థన చేయాలి. యెరికో గోడ కూలినట్టు వాళ్ళ మనసు కరగాలి" అన్నారు. అంతటితో ఆగలేదు. "అక్కడ వాచ్‌మెన్ కూడా మన సంఘం మనిషే. ఓనరు ఫోన్ నంబరు ఇస్తే పదివేలు ఇస్తామన్నాం. భయపడుతున్నాడు. మీరు ఒక్క మాట చెబితే ఇస్తాడు" అన్నారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ప్రార్థన చేసుకుని చెబుతామన్నాం. వాళ్ళకు చెప్పిన జవాబే ఇప్పుడు అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాం. ఇల్లు కొనాలనుకోవడం పాపం కాదు. అమ్ముతారా అని అడగడం అంతకంటే కాదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అయితే తాళం వేసిన ఇల్లు దిక్కులేని ఇల్లు కాదు. దాని యజమాని దగ్గరకు వెళ్ళేవాడు, ఆయన ఏ భయమూ ఏ మొహమాటమూ లేకుండా "అమ్మం" అని చెప్పగలిగేలా వెళ్ళాలి. మేము చెప్పదలచిన మాట ఇంతే.

ఆ తాళం వెనుక ఏముంది?

ఇప్పుడు గజం ధర వింటే గుండె గుభేలుమనే ఆ కొండలు ఒకప్పుడు బండరాళ్ళు, తుప్పలు. బంజారా హిల్స్ అనే పేరే అక్కడ ముందుగా ఎవరుండేవారో చెబుతోంది. లంబాడీ బిడ్డల పేరు ఆ కొండలకు మిగిలింది గాని, కొండలు వాళ్ళకు మిగల్లేదు. నిజాం కాలంలో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ గారు అక్కడ బండరాళ్ళను కొట్టేయకుండా, వాటినే ఇంట్లో కలుపుకుని బంజారా భవన్ అనే ఇల్లు కట్టుకున్నారు. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడినప్పుడు దానికి మొదటి గవర్నరు ఆయనే. తరువాత మద్రాసు నుండి తెలుగు సినిమా మెల్లమెల్లగా ఇటు తరలి వచ్చింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ స్థాపించారు. ఫిలింనగర్‌లో రామానాయుడు గారి స్టూడియో వెలిసింది. వాటి వెనకాలే ఇళ్ళు వచ్చాయి.

అలా తొలినాళ్ళలో వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళయ్యారు, లేదా ప్రభువు పిలుపునందుకున్నారు. పిల్లలు చదువులకని వెళ్ళి, పరదేశంలోనే స్థిరపడ్డారు. అందుకే అక్కడ ఒక వీధిలో నాలుగు అంతస్తుల కొత్త మేడ పక్కనే, గేటుకు గొలుసు కట్టి, మామిడాకులు వరండా నిండా రాలిన పాత ఇల్లు కనిపిస్తుంది. దారిన పోయేవాడికి అది ఖాళీ ఇల్లు. దాని వారసులకు మాత్రం అమ్మ పప్పు తాలింపు పెట్టిన వంటిల్లు, నాన్న చివరి రోజుల్లో మంచం వేయించుకున్న గది. గుమ్మం పక్కన గోడమీద పిల్లల ఎత్తు కొలిచి పెన్సిలుతో గీసిన గీతలు ఇంకా ఉండవచ్చు. ఆరేళ్ళు తెరవలేదంటే వాళ్ళకు అక్కర్లేదని కాదు. తెరిచే ధైర్యం చాలక ఆగినవాళ్ళూ ఉంటారు.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఖాళీ ఇంటి యజమానికి రాత్రి నిద్ర ఉండదు. నకిలీ కాగితాలు పుట్టించి స్థలం కాజేసేవాళ్ళ కథలు ఆయన రోజూ పత్రికల్లో చదువుతూనే ఉంటాడు. వేరొకరు తన ఇంట్లో చేరి, అది తమదేనన్నట్టు బాహాటంగా పన్నెండేళ్ళు అనుభవిస్తే, తిరిగి స్వాధీనం కోరే హక్కు పోయే ప్రమాదముందని 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతోంది. ఇదంతా తెలిసిన మనిషికి, ఎక్కడో సముద్రాల అవతల ఉండగా, తెలియని నంబరు నుండి ఫోన్ వచ్చి "మీ ఇల్లు ఖాళీగా ఉంది కదండీ, ఎవరూ ఉండట్లేదు కదా, మళ్ళీ ఎప్పుడు వస్తారు?" అంటే ఏమనుకుంటాడు? మనం కొనుగోలుదారులమని అనుకుంటాడా, కన్నం వేసేవాళ్ళమని అనుకుంటాడా? మన మనసులో కల్మషం లేదు, నిజమే. కాని దొంగ అడిగే ప్రశ్నలే మనమూ అడిగితే, ఆయన భయపడినందుకు ఆయనను తప్పుపట్టలేం. మొదట వెళ్ళవలసింది ధర కాదు, నమ్మకం.

అబ్రాహాము ఎలా అడిగాడు?

శారా హెబ్రోనులో చనిపోయింది. ఆమె బ్రతికిన సంవత్సరాలు 127. ఆమెను పాతిపెట్టడానికి అబ్రాహాముకు జానెడు నేల లేదు. మక్పేలా గుహ ఎవరిదో ఆయనకు తెలుసు. అయినా నేరుగా ఎఫ్రోను ఇంటిమీదికి వెళ్ళలేదు. అవసరం ఆయనను తొందరపెడుతోంది, శవం ఇంట్లో ఉంది. అయినా ఆయన ఏం చేశాడో వరుసగా చూడండి.

మొదట, తానెవరో చెప్పుకున్నాడు. నేను పరదేశిని, మీ మధ్య కాపురముంటున్నవాడిని అన్నాడు. గొప్పలు చెప్పలేదు, మందలెన్ని ఉన్నాయో లెక్క చెప్పలేదు. రెండవది, ఊరి పెద్దలైన హేతు కుమారుల ముందు వంగి, నా తరఫున ఎఫ్రోనుతో ఒక మాట చెప్పండి అని వేడుకున్నాడు. చాటుగా ఎవరినీ పట్టుకోలేదు. మూడవది, ఏది కావాలో స్పష్టంగా చెప్పాడు, పొలం చివరనున్న గుహ అని. నాలుగవది, ధర మాట ఎదుటివాడు ఎత్తకముందే నిండు వెల ఇస్తానన్నాడు. చివరకు 400 తులముల వెండి తూచి ఇచ్చాడు. పొలము, గుహ, పొలిమేరల్లోని చెట్లు, అన్నీ ఊరి గవిని దగ్గర అందరి సాక్షిగా ఆయనకు స్థిరపడ్డాయి.

ఇక్కడ మనం ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. ఆ దేశమంతా నీ సంతానానికి ఇస్తానని దేవుడు అప్పటికే అబ్రాహాముకు ప్రమాణం చేశాడు. దేశం పొడుగునా వెడల్పునా తిరుగు అని కూడా ఆదికాండము 13లో చెప్పాడు. ఆయన తిరిగాడు. తిరిగినంత మాత్రాన ఎఫ్రోను గుహ నాదే అన్నాడా? అనలేదు. అపొస్తలుల కార్యములు 7లో స్తెఫను చెప్పినట్టు, పాదం మోపేంత నేల కూడా దేవుడు ఆయనకు స్వాస్థ్యంగా ఇవ్వలేదు. దేవుని వాగ్దానం చేతిలో ఉన్న మనిషే పొరుగువాని నేలకు పూర్తి వెల చెల్లించాడు. మరి మనకు ఏ ఇంటి గురించీ అటువంటి వాగ్దానం లేదు. యెరికో చుట్టూ తిరగమన్నది ఒక కాలంలో, ఒక పట్టణం విషయంలో, యెహోషువకు ఇచ్చిన ఆజ్ఞ. ఫిలింనగర్‌లో ఒకాయన కష్టపడి కట్టుకున్న ఇంటికి దాన్ని వర్తింపజేయడానికి మనమెవరం? ఆ ఇంటి యజమాని మనకు కనానీయుడా?

అందుకే ఆ అన్నదమ్ములతో చెప్పాం: "నాయనా, ఆ ఇంటి చుట్టూ మేము తిరగం. మీరూ తిరగవద్దు. ప్రార్థన మీ ఇంట్లో మోకాళ్ళమీద చేయండి. ఆ ఇంటివాళ్ళ క్షేమం కోసం కూడా చేయండి. వాళ్ళు ఇల్లు అమ్మకపోయినా ఆ ప్రార్థన మానకండి." పెద్దవాడు కొంచెం నొచ్చుకున్నాడు. ప్రార్థనకు పాస్టరుగారే అడ్డం చెబితే ఎలా అన్నాడు. మేము అడ్డం చెప్పింది ప్రార్థనకు కాదు. మన ఆశకు దేవుని సంతకం మనమే పెట్టుకోవడానికి.

వాచ్‌మెన్ చేతిలో పదివేలు పెట్టవద్దు

గేటు దగ్గరున్న మన సహోదరుడు నంబరు ఇవ్వకపోవడం భయం కాదు, నమ్మకత్వం. కొద్దిపాటి వాటిలో నమ్మకంగా ఉన్నవానిని ప్రభువు మెచ్చుకుంటాడని మనమే ప్రతి సంవత్సరం ప్రసంగిస్తాం. అలాంటప్పుడు పదివేలు చూపించి ఆ నమ్మకాన్ని మనమే కొనబోతే ఏమవుతుంది? యజమానికి తెలిస్తే ఆయన ఉద్యోగం పోతుంది, గేటు పక్క గదిలో ఉన్న భార్యాబిడ్డలు రోడ్డున పడతారు. మనకేమో ఒక నంబరు దొరుకుతుంది. ఇది న్యాయమా?

దారి వేరే ఉంది. కాలనీ సంఘం ఆఫీసుకు వెళ్ళి, ఒక ఉత్తరం ఇచ్చి, దీన్ని వాళ్ళకు చేరవేస్తారా అని అడగండి. నంబరు అడగవద్దు. పక్కింటి పెద్దలను కలవండి. వాచ్‌మెన్‌ను కూడా అడగవచ్చు, కాని ఇలా: "అన్నా, నంబరు వద్దు. మేము వచ్చి అడిగామని మీ అయ్యగారితో చెప్పి, ఈ ఉత్తరం ఫొటో తీసి పంపగలవా? ఆయన వద్దంటే వద్దు." అప్పుడు ఆయన తన యజమానికి ద్రోహం చేసినట్టు కాదు, కబురు అందించినట్టవుతుంది. హేతు కుమారులు చేసిన పనీ అదే.

ఉత్తరంలో ఏం రాయాలని వాళ్ళు అడిగారు. మేము చెప్పింది ఇది. "మా పేర్లు ఫలానా. ఫలానా వీధిలో ఇన్నేళ్ళుగా ఉంటూ ఈ పని చేసుకుంటున్నాం. మీ ఇల్లు అమ్మే ఉద్దేశం మీకుందో లేదో మాకు తెలియదు. ఉంటే, మీకు వీలైనప్పుడు మాతో ఒక మాట మాట్లాడగలరని మనవి. లేకపోతే జవాబు రాయకపోయినా మేమేమీ అనుకోం. మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టం." కింద సొంత చిరునామా, ఫోన్ నంబరు, సంతకం. ఇంతకు మించి వద్దు. ఇల్లు పాడైపోతోందని రాయవద్దు. మీ నాన్నగారు పోయారని విన్నాం అని అసలే రాయవద్దు. మళ్ళీ ఇబ్బంది పెట్టం అని రాశాక, నిజంగానే పెట్టవద్దు.

ఈ విషయంలో మేమే తప్పిపోయాం

ఇలా రాస్తున్నందుకు మేమేదో అన్నీ తెలిసినవాళ్ళమని అనుకోకండి. మన మందిరం పక్కనున్న తాళం వేసిన పెంకుటిల్లు మీ అందరికీ తెలుసు. సండేస్కూలు పిల్లలు ఎండలో, వానలో టార్పాలిన్ కింద కూర్చుంటున్నారని, ఆ ఇల్లు దొరికితే బాగుండునని సంఘపెద్దలమంతా అనుకున్నాం. పట్నంలో ఉన్న ఆ ఇంటి పెద్దబ్బాయికి ఉత్తరం రాశాం. మర్యాదగానే రాశామనుకున్నాం. రెండు మాటల్లో జవాబు వచ్చింది: అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు, దయచేసి ఇప్పుడు ఆ మాట ఎత్తవద్దు అని.

ఆ జవాబు చదివి మేము సిగ్గుపడ్డాం. ఆమె సమాధి దగ్గర ప్రార్థన చేసింది మేమే. తేదీ మాకు తెలియనిది కాదు. పిల్లల అవసరం కళ్ళముందు కనబడుతుంటే, ఒక కొడుకు దుఃఖం కళ్ళకు ఆనలేదు. మంచి పని కోసం అడుగుతున్నాం కదా అనే ధీమా మమ్మల్ని మోసం చేసింది. సేవ కోసం అడిగేవాడికి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలని అప్పుడు తెలిసింది. ఎందుకంటే దేవుని పేరు చెప్పి అడిగితే, కాదనడం ఎదుటివారికి మరీ కష్టం. అది మనం తెలియకుండా వాళ్ళమీద పెట్టే బరువు.

ధర, కాగితం, ఆడబిడ్డ వాటా

వాళ్ళు అమ్ముతామంటే అప్పుడు మన భక్తికి అసలు పరీక్ష మొదలవుతుంది. కొనేటప్పుడు బాగాలేదు బాగాలేదని, కొని అవతలికి వెళ్ళాక గొప్పలు చెప్పుకునేవాని గురించి సామెతలు 20:14 చెబుతోంది. బేరమాడవచ్చు, మన శక్తి ఇంతే అని చెప్పవచ్చు. కాని ధర తగ్గించడానికి వాస్తు బాగాలేదని, ఆ ఇంట్లో దయ్యం ఉందని వీధిలో పుకారు పుట్టించడం విశ్వాసి చేసే పని కాదు. యెబూసీయుడైన అరౌనా తన కళ్ళాన్ని ఊరికే ఇస్తానన్నా, దావీదు 50 తులముల వెండి ఇచ్చి కొన్నాడు. తనకు ఖర్చు కానిదాన్ని దేవునికి అర్పించనన్నాడు.

సగం బ్యాంకులో, సగం సంచిలో అనే పద్ధతి కూడా మనకు వద్దు. ఇల్లు, స్థలం అమ్మకంలో 20,000 రూపాయలు గాని ఆపైన గాని నగదుగా తీసుకోవడాన్ని 2015 నుండి ఆదాయపన్ను చట్టం నిషేధించింది. అమ్మేవారు విదేశాల్లో నివసించేవారైతే కొనేవారు పన్ను పట్టుకుని కట్టవలసిన నియమాలు కూడా వేరు. తెలిసిన వకీలును, ఆడిటరును అడిగి చేయండి. ఎవరో మధ్యవర్తి జీపీఏ చూపించి, సంతకాలు ఇక్కడే అయిపోతాయంటే తొందరపడకండి. జీపీఏ పేరుతో జరిగే అమ్మకం వల్ల యాజమాన్యం మారదని, రిజిస్టరైన సేల్‌డీడ్ ఉండాలని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. యిర్మీయా చెరసాల ఆవరణలో ఉండి కూడా అనాతోతులోని పొలానికి 17 తులముల వెండి తూచి, సాక్షులను పెట్టి, పత్రం రాయించి, దాన్ని మంటికుండలో భద్రం చేయించాడు. ప్రవక్తకే అంత జాగ్రత్త ఉంటే మనకెంత ఉండాలి?

ముఖ్యంగా వారసులందరినీ అడగండి. ఇక్కడున్న కొడుకు ఒప్పుకున్నాడు కదా, ఎక్కడో ఉన్న కూతురి సంగతి మనకెందుకు అనుకోవద్దు. వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుల ఆస్తిలో భార్యకు మూడవ వంతు పోగా, మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమానమని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతోంది. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో ఆడబిడ్డకు సమాన హక్కు 2005 సవరణతో దేశమంతటా వచ్చింది. ఒక చెల్లెలి కన్నీళ్ళమీద కొన్న ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎలా చేసుకుంటాం?

కాదంటే?

"అయ్యగారూ, ఇళ్ళు అలా ఖాళీగా పడి ఉంటే, పక్క బస్తీలో ఒక్క గదిలో ఆరుగురు పడుకుంటున్నారు. ఇది మాత్రం న్యాయమా?" అని చిన్నవాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఇంటికి ఇల్లు కలుపుకుంటూ పోయేవారికి యెషయా 5:8లో దేవుడు శ్రమ ప్రకటించాడు. పది ఇళ్ళుండి పదింటికీ తాళాలు వేసుకున్నవాడు దేవునికి లెక్క చెప్పవలసిందే. ఆ లెక్క అడిగేవాడు మాత్రం దేవుడు. ఆ వాక్యాన్ని పట్టుకుని, ఒక ఇంటిని మన పేరున రాయించుకోవడానికి వాడుకోకూడదు. ఆ ఇల్లు మనం కొన్నా, బస్తీలోని ఆ ఆరుగురూ ఆ ఒక్క గదిలోనే ఉంటారు కదా.

అహాబు కథ మనందరికీ తెలుసు. నాబోతు ద్రాక్షతోట కావాలని అడిగినప్పుడు అహాబు చెడ్డగా ఏమీ అడగలేదు. ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, లేదా వెల ఇస్తానన్నాడు. ఆ మాటలు మాత్రమే చదివితే అతడు మర్యాదస్తుడే. నాబోతు, ఇది నా పితరుల స్వాస్థ్యం, ఇవ్వనన్నాడు. అహాబు ఎలాంటివాడో అప్పుడు బయటపడింది. మంచమెక్కి, ముఖం తిప్పుకుని, భోజనం మానేశాడు. తరువాత రాజు ముద్ర వేసిన తాకీదులు వెళ్ళాయి, ఇద్దరు అబద్ధసాక్షులు వచ్చారు, ఒక నిర్దోషి రాళ్ళదెబ్బలకు చనిపోయాడు. అడిగే తీరులో మర్యాద చాలామందికి ఉంటుంది. కాదన్న తరువాత కూడా అది నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

ప్రియులారా, ఆ అన్నదమ్ములు ఉత్తరం ఇచ్చి వచ్చారు. ఇది రాసేనాటికి జవాబు రాలేదు. మళ్ళీ ఒకసారి కదిలించమంటారా అని అడిగారు. వద్దన్నాం. వేరే ఇల్లు చూసుకోమన్నాం. మన మందిరం పక్కనున్న పెంకుటిల్లు కూడా తాళం వేసే ఉంది, పిల్లలు ఇంకా టార్పాలిన్ కిందే కూర్చుంటున్నారు. దాని గురించి మేమిక అడగం. ఆ ఇంటివాళ్ళు పండుగకు ఊరికి వస్తే, ఇంటి మాట ఎత్తకుండా పలకరించి, వాళ్ళ అమ్మను తలచుకుని ప్రార్థన చేసి వద్దాం. వాన రాకముందే టార్పాలిన్ మార్చాలి. దానికి కానుక ఇవ్వాలనుకునేవారు సంఘపెద్దలకు తెలియజేయండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, పొరుగువాని ఇంటిని ఆశించవద్దని మాకు నేర్పిన దేవా, మా అవసరం మా కళ్ళను కప్పకుండా కాపాడండి. తాళం వేసిన ప్రతి గుమ్మం వెనుకనున్న మనుష్యులను మాకు చూపించండి. అడిగేటప్పుడు వినయాన్ని, కాదన్నప్పుడు సమాధానాన్ని దయచేయండి. సొంత గూడు లేని మా బిడ్డలకు మీ చిత్తమైన స్థలంలో నీడ కల్పించండి. యేసునామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.